బొట్టు పెట్టుకున్న కుట్టుమిషను

డెబ్భైల్లో నేను తిరువూరు చుట్టుపక్కల గ్రామసేవికని. ఊరూరా మహిళామండళ్ళు పెట్టించడం, వాటికి పంచాయతీ సమితి తరఫున సామాను ఇప్పించడం నా ఉద్యోగం. మండలి పుట్టించడం తేలికే. పెద్దరైతు గారి భార్యని అధ్యక్షురాల్ని చేస్తే చాలు, మిగతా ఆడవాళ్ళు వాళ్ళే వస్తారు. రాక ఏం చేస్తారు, పని దొరికేది ఆ ఇంట్లోనేగా!

వినగడప దారిలో ఒక ఊరికి అలాగే కుట్టుమిషను ఇప్పించాను. నెల తిరిగాక వెళ్ళి చూద్దును కదా, మిషను అధ్యక్షురాలి పూజగదిలో ఉంది. పసుపు, కుంకుమ, పైన బంతిపూల దండ. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదట.

"అది సాక్షాత్తూ లక్ష్మి అమ్మాయ్, కాలు తగలొచ్చా?" అంది నాతో.

"కాలు తగలకుండా కుట్టే మిషను ఇంకా రాలేదండీ" అన్నాను. ఆ రోజు నాకు కాఫీ ఇవ్వలేదు.

నా బాధంతా ఆ మండలిలో ఒక్క పిల్ల కోసం. క్రైస్తవుల పేటలో ఉంటుంది, సిస్టర్ల హాస్టల్లో కుట్టు నేర్చుకుంది. కిందటేడు నాట్లలో వంగి వంగి కడుపు పోయింది. మళ్ళీ నెల తప్పింది. నాట్లు మొదలయ్యేలోగా మిషను చేతికొస్తే ఇంటిపట్టున బతుకుతుంది, లేదంటే మళ్ళీ బురదలోకే. పూజగది సంగతి సరే, ఆ పిల్లని ఆ ఇంటి వసారా కూడా దాటనివ్వరు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అంతలో పై ఆఫీసరొకాయన తనిఖీకి వచ్చాడు. తళతళలాడే మిషను చూసి ముచ్చటపడ్డాడు. ఎవరు కుడుతున్నారని అడిగిన పాపాన పోలేదు. ఇంత జాగ్రత్తగా చూసుకునే మండలి ఇంకోటి లేదని మెచ్చుకుని, ఇంకో మిషను మంజూరు చేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక దండం పెట్టాను.

రెండోది బండి దిగక ముందే అధ్యక్షురాలు పూజగదిలో చోటు చూడబోయింది.

"కుదరదండీ. ఒకే ఇంట్లో రెండు మిషన్లుంటే రెండూ వెనక్కి పట్టుకుపోతారు. రూలు."

అలాంటి రూలు ఏ ఫైల్లోనూ లేదు, అప్పటికప్పుడు పుట్టించాను. సర్కారు రూలంటే ఆవిడకి దేవుడికన్నా భయం. బండిని నేరుగా పేటకి తోలించాను.

ఆ ఏడు ఆ పిల్ల మడిలో దిగలేదు. ఊళ్ళో జాకెట్లన్నీ తనే కుట్టేది. పెద్దిళ్ళవాళ్ళు మాత్రం కొత్త గుడ్డతోపాటు కొలతకి ఆది జాకెట్టు పాలేరు చేత పంపేవాళ్ళు. అలాగైతే పేట పిల్ల చెయ్యి ఒంటికి తగలదు. మాఘంలో కూతురి పెళ్ళికి అధ్యక్షురాలూ అలాగే పంపింది. కుట్టి పంపిన జాకెట్టు చంకల్లో పట్టలేదు. రుసరుసలాడుతూ తనే పేటకి బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను, అది చూడకుండా వదులుకుంటానా!

పిల్ల నిండు నెలలతో మిషను ముందు కూర్చునుంది.

"మీ ఆది పాతదండి, మీరు ఒళ్ళు చేశారు. లోపలికి రండి, కొలత తీయాలి."

ఆవిడ అటూ ఇటూ చూసింది. తెల్లవారితే పెళ్ళి. చెప్పులు విడిచి లోపలికెళ్ళింది.

"చేతులు పైకెత్తండి అమ్మగారూ" అంటూ పిల్ల లేచి, ఛాతీ చుట్టూ టేపు బిగించి, అంకె పేటంతా వినేలా చదివింది.