మున్షీ సాబ్ తెచ్చిన మాటల నోటుబుక్కు

ఈ రోజు మధ్యాహ్నం మున్షీ సాబ్ చొప్పదండి నుంచి బస్సులో కరీంనగర్ వచ్చి, నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకే వచ్చారు. మా బడిలో ఫార్సీ చెప్పిన పెద్దమనిషి. పాత వచన కథలు చదవాలన్న ఆశతో ఒకప్పుడు ఆయన తన ఫార్సీ కథల పుస్తకం నా చేతికిస్తే, అందులోంచి ఆయన దగ్గర రోజుకు పది మాటలు నేర్చుకునేవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఇక ఫార్సీతో పనేముందని ఒక్క మాటైనా చెప్పకుండా మానేశాను.

ఆయన సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చారు. ఆ పుస్తకమంతా ఆయనకు కంఠస్థం; మేం ఆపిన చోటు నుంచి చివరిదాకా ఉన్న కఠినమైన మాటలన్నిటికీ తెలుగులో అర్థాలు రాశారు. అక్షరాలు పెద్దపెద్దగా, వంకరగా ఉన్నాయి.

"మీకు తెలుగు రాయరాదు గద సాబ్?" అన్నాను.

"ఉర్దూల అర్థం చెప్తే నువ్వు జర పరేషాన్ అయితుంటివి బేటా. అందుకే మా మన్మరాలి తాన నేర్సుకున్న. నా కితాబు పైలమే గద?"

"పైలంగనే దాచిపెట్టిన సాబ్."

"అయితే ఐతారం రా. నలబయ్యో పేజీ కాడ ఆగినం."

ఆయన సంతోషంగా వెళ్లిపోయారు. ఆ పుస్తకాన్ని నిరుడు ఇల్లు సర్దుతూ కిరాణా కొట్టుకు పొట్లాల కోసం ఇచ్చేశాను. సాయంత్రం అక్కడికి పరుగెత్తితే షావుకారు, "గా పుస్తకం పొట్లాలకు ఎప్పుడో అయిపోయింది సారూ" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర అర్థాలన్నీ ఉన్నాయి, చదవడానికి పుస్తకమే లేదు. ఆదివారం వెళ్లి నిజం చెప్పేస్తాను. మీరైతే ఆ మాట ఎలా మొదలుపెడతారు?