వస్త్రపు చెంగు ముట్టిన చెయ్యి

ప్రభువు ప్రేమించిన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ భావనపాడు ఒడ్డు నుంచి కరుణమ్మ వందనాలు. పుట్టినప్పుడు మావాళ్ళు పెట్టిన పేరు పోలమ్మ, బాప్తిస్మంలో వచ్చిన పేరు కరుణమ్మ, రెండు పేర్లకీ పలుకుతాను. సంఘ పత్రికకి నా సాక్ష్యం రాయమని పాస్టరమ్మగారు ఎంతోకాలంగా అడుగుతున్నారు. ఇందులో మాటలు నావి, అక్షరదోషాలు దిద్దింది ఆవిడ. మా జీడితోటలో ఉన్న ప్రార్థన తోట గురించీ, అక్కడి బొమ్మల గురించీ, వాటిలో ఒక బొమ్మ చెయ్యి గురించీ చెబుతాను. కాస్త గొప్పలు పోతున్నట్టు అనిపిస్తే ఓర్చుకోండి, ప్రభువు చేసినదాన్ని తగ్గించి చెప్పడం నాకు చేతకాదు.

ముందు చీకటి రోజులు చెప్పాలి. మాది సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. మా ఆయన పేరు గురువులు, ఆయన అన్న ఎర్రయ్య, నాకు బావ, ఇద్దరిదీ ఒకే పడవ. బావే తండేలు, పడవ మీద ఆయన మాటే మాట. పడవ ఒడ్డుకి రాగానే ఆడవాళ్ళం పరుగున వెళ్ళి వలల్లోంచి చేపలు విప్పి, ఏరి, గంపలకెత్తుకుని ఊళ్ళ మీదికి అమ్మకానికి పోవాలి, అదీ మా బతుకు. కాని మా ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. ముట్టు రోజుల్లో ఆడది వల తాకకూడదు, పడవ తాకకూడదు, పడవ కట్టిన తాడు దాటకూడదు. అందరికీ అది నెలలో కొద్ది రోజుల మాట. నాకు మాత్రం మా అమ్మాయి పుట్టిన తర్వాత రక్తం పోవడం మొదలై ఆగలేదు, ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలయ్యేది, అలా ఏళ్ళు గడిచిపోయాయి, సహోదరులారా, ఏళ్ళ తరబడి నా మొగుడి పడవని నేను దూరం నుంచే చూశాను.

మా బావ చెడ్డవాడు కాదు. సముద్రం అంటే భయం ఉన్న మనిషి, అంతే. ఇసకలో నేను కాస్త ముందుకి జరిగితే చాలు, "ఒసే పోలమ్మా, అక్కడే ఆగు. పడవ కాడికి రాకు, వల మీద సెయ్యెట్టకు. సముద్రం మీద బతికేవోళ్ళం" అని కేకేసేవాడు. మిగతా ఆడవాళ్ళు వలల మీద వంగి నవ్వుకుంటూ మంచి చేపలు ఏరుకుంటుంటే నేను గట్టు మీద ఖాళీ గంప పక్కన కూర్చునేదాన్ని. వాళ్ళు ఏరగా మిగిలినవి మా ఆయన తెచ్చి గంపలో పోసేవాడు. నాటు మందులు తాగాను, తాయెత్తులు కట్టించుకున్నాను, ఆస్పత్రికి వెళ్ళడానికి మాత్రం సిగ్గు. నడిస్తే ఆయాసం, గంప ఎత్తితే కళ్ళు తిరగడం, రాను రాను నా మొహం చూసి మా అమ్మాయే భయపడేది. ఇంక ఎక్కువ కాలం బతకనని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను.

అలాంటి రోజుల్లో పాస్టరమ్మగారు మా వీధికి ప్రార్థన పెట్టడానికి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడితే చెయ్యి పట్టుకుని తన చాప మీదే కూర్చోబెట్టుకున్నారు. ఆ చాప కోసమే నేను మందిరానికి వెళ్ళాను, ప్రభువు ఆ తర్వాత దొరికాడు, ఉన్నమాట చెబుతున్నాను. అయినా నా జబ్బు సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే చాప వేరు చేస్తారేమోనని భయం.

ఇంతలో పెద్ద తుఫాను వచ్చి సంఘానికున్న జీడితోట వేళ్ళతో సహా కూలిపోయింది. అందరూ ఏడుస్తుంటే పాస్టరుగారు ఆ ఖాళీ స్థలంలో ప్రార్థన తోట పెడదామన్నారు. మళ్ళీ చెట్లు నాటి, మధ్యలో దారి వేసి, దారి పొడవునా ప్రభువు చేసిన కార్యాలు బొమ్మలుగా నిలబెట్టాలని ఆయన కోరిక. ఇవి మొక్కడానికి కాదనీ, చదువు రానివాళ్ళు కళ్ళతో చదువుకోడానికనీ మొదటిరోజే గట్టిగా చెప్పారు. పనికి బొబ్బిలి వైపు నుంచి సింహాచలం మేస్త్రి వచ్చాడు. తాతల నాటి నుంచి గుడిగోపురాల మీద బొమ్మలు చేసే ఇంటివాడు. మా దేవుడి బొమ్మలు నువ్వు ఎలా చేస్తావయ్యా అని ఎవరో అడిగితే, "సిమెంటు ఎవుల దేవుడని అడగదు బాబూ, సేసే సెయ్యి బాగుంటే సాలు" అన్నాడు.

ఆయన మొదట వలలు వదిలి ప్రభువు వెంట వెళ్ళిన పేతురుని చేశాడు. ఇనప చువ్వలు వంచి, జాలీ చుట్టి, సిమెంటు మెత్తి చెక్కితే మా ఒడ్డు మనిషిలాగే వచ్చాడు, పెద్ద కళ్ళు, మెలితిరిగిన మీసం. సంఘ పెద్దలు మీసం తగ్గించమన్నారు. "వేటకెళ్ళేవోడికి మీసం నేకపోతే సముద్రం లెక్కసేస్తాదేటండి?" అని మేస్త్రి ఒప్పుకోలేదు. మీసం అలాగే ఉండిపోయింది, మావాళ్ళకి పేతురంటే అప్పటి నుంచి మరీ ఇష్టం. పేతురు చేతిలోకి నిజమైన వల కావాలంటే మా బావ చిరిగిన పాత వల ఇచ్చాడు. నేను అక్కడ సిమెంటు మోసే పనికి వెళ్ళేదాన్ని. ఆ వల పట్టుకురమ్మని మేస్త్రి చెబితే నాకు చెయ్యి రాలేదు. పనికిరాని వలే కదా, అయినా తాకలేక వేరొక ఆవిడతో తెప్పించాను. జబ్బు ఒంట్లోంచి బుర్రలోకి ఎక్కేసింది.

ఆ తర్వాతి బొమ్మ గుంపులో నడుస్తున్న ప్రభువుది. ఆయన వెనక నేల మీద వంగి వస్త్రపు చెంగు ముట్టుకుంటున్న స్త్రీ. ఈ కథ నేను మందిరంలో విన్నదే, కాని మా పాస్టరుగారు మొహమాటస్తులు, ప్రసంగంలో ఎప్పుడూ రోగియైన ఒక స్త్రీ అని దాటేసేవారు. మేస్త్రి దాటనివ్వలేదు. తాపీ పక్కన పెట్టి, "ఏటి జబ్బండి ఆవిడికి? జొరవా, నొప్పా? జబ్బు తెలీకుండా ముకం ఎలగ సెయ్యమంటారు?" అని నిలదీశాడు. పాస్టరుగారు అటూ ఇటూ చూశారు. పనికొచ్చిన ఆడవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం. ఆయన గొంతు తగ్గించి, "రక్తం పోయే జబ్బు. పన్నెండేళ్ళు బాధపడింది. అలాంటి మనిషి ఎవరినీ తాకకూడదని వాళ్ళ కట్టుబాటు" అన్నారు. నెత్తి మీద సిమెంటు తట్టతో నేను అలాగే నిలబడిపోయాను. నా బతుకు నాకంటే ముందే ఒకావిడ బతికిందనీ, ప్రభువు పక్కనే బతికిందనీ అప్పుడే తెలిసింది నాకు. "అయ్యా, ముట్టుకుంటే ఆయనేటన్నాడు?" అని అడిగాను. "కోప్పడలేదమ్మా, కూతురా అని పిలిచాడు" అన్నారు పాస్టరుగారు. ఆ రోజు నుంచి ఆ బొమ్మకి సిమెంటు నేనే మోశాను, ఇంకొకరిని మోయనివ్వలేదు.

బొమ్మ పూర్తయింది. వానాకాలం వెళ్ళింది. తోట తెరిచే పండగకి పందిళ్ళు వేస్తుండగా ఒక పొద్దున్న వెళ్ళి చూస్తే ఆ స్త్రీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి కింద పడి ఉంది. మిగతా బొమ్మలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మా ఊరిదే ఒక పిన్ని, సంఘంలో మనిషే, అందరూ వినేలా, "దీని సెయ్యి తగిలిన బొమ్మకి సెయ్యి ఊడిపోకుండా ఎలగుంటాది?" అంది. ఆ వేళ అక్కడ లేని పాస్టరుగారికీ, పాస్టరమ్మగారికీ తప్ప ఊళ్ళో నా జబ్బు తెలియనిది ఎవరికి? పాత వల ఎక్కడ పెట్టారో చూడ్డానికి వచ్చిన మా బావ అవునన్నట్టు తల ఊపాడు. పెద్దల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, పండగ అయ్యేదాకా తోటకి రావద్దమ్మా అన్నాడు. మెత్తగానే అన్నాడు, కాని నా గుండె పగిలింది. ఒడ్డు మీద చోటు లేకపోతే ఇక్కడికి వచ్చాను, ఇక్కడా చోటు లేకపోతే ఇంక నేను వెళ్ళడానికి మిగిలింది ఏముంది?

సింహాచలం మేస్త్రి ఆ విరిగిన చెయ్యి తీసి, ఒక పెళ్ళ గిల్లి, నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. "ఉప్పు. ఇది సముద్రపు ఇసక. లోపల సువ్వంతా తినేసినాది. ఎవులు తెచ్చినారిది?" అన్నాడు. జరిగింది ఏమిటంటే, వంశధార ఏటి ఇసక అయిపోయి లారీ ఆలస్యమైతే, మేస్త్రి ఊరెళ్ళిన సమయంలో మా సంఘం మగవాళ్ళు ఆగలేక ట్రాక్టరు కట్టుకెళ్ళి ఒడ్డున ఉన్న ఇసకే తెచ్చి కుప్ప పోశారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇసకలోనే తిరిగేవాళ్ళం, ఇసకంటే ఇసకే అనుకున్నాం అందరం. తిరిగొచ్చిన మేస్త్రి చూసుకోకుండా ఆ కుప్పలోంచి తీసి చేసింది ఆఖరున మిగిలిన ఆ చెయ్యి ఒక్కటే. నన్ను రావద్దన్న పెద్దాయన ట్రాక్టరు మీద ముందు కూర్చున్నవాడే. పాపం, ఆయన మళ్ళీ నన్ను పక్కకి పిలిచి రమ్మని చెప్పాడు. ఈసారి అందరి ముందూ చెప్పు బాబూ అన్నాను, చెప్పాడు.

కొత్త చెయ్యి చెయ్యాలి. మేస్త్రి పనికొచ్చిన ఆడవాళ్ళందరినీ చెయ్యి చాచి చూపించమన్నాడు. ఒకావిడ చేపలు బేరమాడుతున్నట్టు చాచింది, ఒకావిడ అన్నం వడ్డిస్తున్నట్టు చాచింది, అందరం నవ్వుకున్నాం. నేను చాచగానే మేస్త్రి నవ్వలేదు. "ఇదే. ముట్టుకోవాలనుంది, ముట్టుకోడానికి బయవూ ఉన్నాది. కదలకమ్మా, నాకు ఈ సెయ్యే కావాల" అన్నాడు. నన్ను ఆ స్త్రీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ప్రభువు వస్త్రపు చెంగు మీద వేళ్ళు ఆనించమని, వాటిని చూస్తూ ఆ స్త్రీకి వేళ్ళు చేశాడు. చేపముల్లు దిగిన మచ్చ ఒకటి నా బొటనవేలి మీద ఉంది, అది కూడా వదల్లేదు.

ఎండెక్కింది. కళ్ళు తిరుగుతున్నాయి, ఒంట్లో పాడు జబ్బు ఆ వేళ కూడా ఊరుకోలేదు. అప్పుడు నేను చేసిన ప్రార్థన నాకు ప్రతి మాటా గుర్తు. "ప్రబువా, ఆవిడ ముట్టుకుంటే నువ్వు కోప్పడనేదంట. నాను కూడా ముట్టుకుంటన్నాను. ఈ అంగీ సిమెంటుదని నాకు తెల్సు, మోసింది నానే. నువ్వు సిమెంటు కావు. నా సిగ్గు తీసెయ్యి నాయనా. నాకు బతకాలనుంది." లోపల అనుకున్నాననే అనుకున్నాను, పైకే అన్నానట. పాస్టరమ్మగారు వచ్చి నా పక్కన కూలబడి, ఏమైందమ్మా అంటే, ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర దాచింది అంతా అందరి ముందూ నా నోటితో చెప్పేశాను. ఆవిడ చాప వేరు చెయ్యలేదు, సహోదరీలారా, నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చారు, మర్నాడే శ్రీకాకుళం పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు.

ఇంత తక్కువ రక్తంతో ఎలా నడిచి వచ్చావని డాక్టరమ్మ నన్ను తిట్టింది. గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి, దానికి ముందు రక్తం ఎక్కించాలి అంది. మా ఆయనది కలవలేదు. సంఘంలో కలిసినవాళ్ళు ఇచ్చారు, ఇంకా కావాలన్నారు. కబురు తెలిసి మా బావ ఒడ్డు నుంచి తిన్నగా వచ్చేశాడు, కాళ్ళకి ఇసక కూడా కడుక్కోలేదు. ఆయన రక్తం సరిగ్గా కలిసింది. ఇచ్చి వచ్చి మంచం పక్కన నిలబడితే నాకు ఏడుపాగలేదు. బావా, నా దగ్గరికి వచ్చేశావేటి, రేపు వేటకెళ్ళాలి కదా అన్నాను. ఆయన, "ఊరుకోవే. ఇప్పుడు నీ ఒంట్లో తిరుగుతున్నది నా రక్తవే. నీకు అంటు అంటే నాకూ అంటే. మరి నాను పడవెక్కడం మానెయ్యాలేటి?" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది, ఆ జబ్బు మళ్ళీ నా వంక చూడలేదు, దేవునికే మహిమ. బాగుచేసింది డాక్టరమ్మా, దేవుడా అని కొందరు నన్ను అడుగుతారు. నాకు అందులో తగువేమీ కనబడదు. నా నోరు తెరిపించింది ఆయన, తెరిచిన నోటికి దారి చూపించింది ఆయన, ఆ దారి చివర కత్తి పట్టుకుని నిలబడ్డ డాక్టరమ్మని కూడా ఆయనే పెట్టాడని నా నమ్మకం.

ఇప్పుడు మా తోటకి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మొన్నామధ్య కొత్తవలస నుంచి రైల్లో ఒక సంఘం సంఘమే వచ్చింది. పేతురు మీసం చూసి నవ్వుతారు, జీడిచెట్ల నీడలో ప్రార్థన చేసుకుంటారు, ఆ స్త్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ వంగి ఆవిడ చెయ్యి తాకుతారు. పాస్టరుగారు వద్దంటారు, అయినా చెయ్యి ఊరుకోదు కదా. తాకి తాకి ఆ వేళ్ళు నునుపెక్కి మెరుస్తున్నాయి. చెయ్యి సిమెంటుది, బాగుచేసినవాడు సజీవుడు, ఆయన్నే పట్టుకోండి అని నేను చెబుతూనే ఉంటాను. చెబుతున్నానే గాని, ఏ చెయ్యి దేనికీ తగలకూడదన్నారో ఆ చెయ్యినే ఇంతమంది తాకుతుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. దీన్ని గర్వమంటే అనండి, ప్రభువులో అతిశయపడొచ్చని పాస్టరమ్మగారే చెప్పారు.

ఈమధ్యే మా బావ కొత్త పడవ దింపాడు. ఆయన మన సంఘంలో చేరలేదు, కొబ్బరికాయ కొట్టుకున్నాడు, పసుపు రాసుకున్నాడు, నేను పక్కకి నిలబడ్డాను. అంతా అయ్యాక ఊరంతా చూస్తుండగా వెనక్కి తిరిగి, "ఏటలగ దూరంగా నిల్చున్నావు? రా, ముందు నువ్వు సెయ్యెట్టు. మీ దేవుడికి నీ మాటగా ఓ మాట సెప్పు. అప్పుడే తోస్తాం" అన్నాడు. ఇసకలో నడిచి వెళ్ళాను. ఈసారి ఎవరూ ఆగమని కేకెయ్యలేదు. కొత్త రంగు వాసనేస్తున్న ఆ పడవ అంచు మీద కుడిచెయ్యి పెట్టి, అందరూ వినేలా ప్రార్థన చేశాను. ఆమెన్ అనేదాకా మా బావ టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరైనా నాలాగా గట్టు మీద ఖాళీ గంపతో కూర్చుని ఉంటే, జబ్బు దాచుకుని, నన్ను ఎవరూ దగ్గరికి రానివ్వరని అనుకుంటుంటే, చెయ్యి చాచండి. భయపడుతూనే చాచండి, ఫరవాలేదు, నేనూ భయపడుతూనే చాచాను. ఆయన కోప్పడడు. నోరు తెరిచి ఒక మనిషితో చెప్పండి, ఆస్పత్రికి వెళ్ళండి, ప్రార్థన మానకండి. మా తోటకి రండి, కరుణమ్మ ఎవరని అడిగితే ఎవరైనా చూపిస్తారు, ఆ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టి మచ్చతో సహా మీకు చూపిస్తాను. పొద్దున్న పూట మాత్రం రాకండి. ఆ వేళప్పుడు నేను ఒడ్డున మా పడవ దగ్గర వలలోంచి చేపలు విప్పుతూ ఉంటాను.