గోల్ ముందు మామగారు

ఒక చిన్న కంపెనీలో ఫుట్‌బాల్ వీడియో గేమ్‌కు ఆటగాళ్ల బొమ్మలు గీసేది ఒకావిడ. అసలు ఆటగాళ్ల పేర్లూ ముఖాలూ వాడుకునే హక్కంతా ఒక పెద్ద కంపెనీ గంపగుత్తగా కొనేసింది. అందరూ తలలు పట్టుకుంటే, ఆవిడ అత్తవారి చుట్టాలందరినీ మైదానంలోకి దింపేసింది. గోల్ ముందు కునుకు తీసే బొద్దు గోల్‌కీపర్ అచ్చం మామగారే; అవతలి జట్టులో గోల్స్ కొట్టేది ఆయన బావమరిది.

గేమ్ జనానికి తెగ నచ్చింది. సంగతి మామగారి చెవిన పడింది. ఆయన కోడలి ఫోన్‌లో తన బొమ్మను తేరిపార చూస్తుంటే ఆవిడ క్షమాపణకు మాటలు వెతుక్కుంది.

"ఆ పెద్ద కంపెనీ ఆటలో నేనున్నానా అమ్మాయ్?"

"లేరు మామయ్యా."

"వాళ్లడిగినా నా మొహం ఇవ్వను, నీకొక్కదానికే. కాకపోతే మా బావమరిది కొట్టే బంతులైనా నన్ను ఆపనియ్యి."

ఇప్పుడు బావమరిది బంతి తన్నబోతే చాలు, గోల్‌కీపర్ ఠక్కున మేలుకుంటాడు.