సిరిసిల్ల నుంచి వచ్చిన కండ ముక్క

దయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. జగిత్యాలలో పాథాలజిస్టుని. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పడం నా పని. కంటికి కనిపించిందే రాస్తాను.

ఆ రోజు సిరిసిల్ల ఆసుపత్రి నుంచి తొడ కండ ముక్క ఒకటి వచ్చింది. పేషెంటు పేరు పద్మ. మరమగ్గాల దగ్గర కండెలకు నూలు చుట్టేది. కొన్ని నెలలుగా చేతులు పైకి లేవడం లేదు, మంచం దిగలేదు. ఈమధ్య మింగడమూ కష్టమైంది. కండరాల వాపు జబ్బని అక్కడి డాక్టరు అనుమానం. మందు మొదలుపెట్టడానికి రుజువు కావాలి.

స్లైడులో కండ మామూలుగానే ఉంది. మళ్ళీ మళ్ళీ వెతికాను. ఏమీ లేదని రాయబోతుంటే గుమ్మంలో అలికిడైంది.

నీలం చీరలో ఒక ఆడమనిషి. రెండు చేతులూ పైకెత్తి జుట్టు ముడి వేసుకుంటోంది. పట్టపగలు. ఎండ ఆమె ముఖం మీదే పడుతోంది. ఎడమ కనుబొమ్మ మీద పాత మచ్చ.

"గీడ లేదు మేడం. ఇంక లోపల చూడు," అంది.

పేషెంటు తాలూకు మనిషనుకుని బయట కూర్చోమన్నాను. కళ్ళజోడు తుడుచుకుని చూసేసరికి గుమ్మం ఖాళీ. బయట బెంచీ మీదా లేదు.

టెక్నీషియన్ సలీంని అడిగాను.

"ఎవ్వరు రాలేదు మేడం. పొద్దటిసంది నేను ఈడ్నే ఉన్న," అన్నాడు. లోపలికి ఉన్నది ఆ ఒక్క దారే.

మైనపు దిమ్మలో మిగిలిన ముక్కను ఇంకా లోతుగా కోసి కొత్త స్లైడ్లు చేయమన్నాను. అవి వచ్చేదాకా ఆ గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

ఈసారి కనిపించింది. రక్తనాళాల చుట్టూ తెల్లకణాలు నీలం చుక్కల్లా మూగి ఉన్నాయి. కండర కట్టల అంచుల్లో పోగులు చిక్కి సన్నబడ్డాయి. వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. ఆ సాయంత్రమే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు.

కొన్ని నెలల తర్వాత, కోరుట్లలో పెళ్ళికి వచ్చిన పద్మ, ఆమె భర్త నాకు దండం పెట్టి పోదామని ల్యాబ్‌కు వచ్చారు. పద్మ నడిచే వచ్చింది. అదే ముఖం. అదే మచ్చ.

ఈమె ఇంతకుముందు ఇక్కడికి వచ్చిందా అని భర్తను అడిగాను.

"ఏడ మేడం! గప్పుడు బువ్వ గూడ నేనే తినిపిస్తుంటి. పక్కకు మర్లరాకపోతుండె. జగిత్యాలకు గిదే మొదలు రావుడు."

ఈ జబ్బు కండంతా ఒక్కలా పాకదు. ఒకచోట ఉంటుంది, పక్కనే ఉండదు. మొదటి కోతలో దొరక్కపోవడం మామూలే. అంతవరకు చెప్పగలను. గుమ్మంలో నిలబడ్డదెవరో ఇప్పటికీ చెప్పలేను.

పద్మ ఎదురుగానే కూర్చుంది, నా ముఖంలోకే చూస్తూ. ఆమెనే అడగొచ్చు. అవునంటుందేమోనని భయమేసింది. టీ తాగుతారా అని అడిగాను.