ఒకటో నంబరు బడి

పార్శిల్ ఆఫీసు చరిత్రలో లోడింగ్ మేస్త్రి జాబితా ఒక యుగాన్ని శాసించింది. ఆఖర్న దించాల్సిన పెట్టె వ్యానులోకి ముందు ఎక్కాలి గనక, ముందు దించాల్సింది ఆయన జాబితాలో అట్టడుగున ఉండేది. ఇరవై రెండేళ్లలో ఒక్క పెట్టె తారుమారు కాలేదు.

కూతురి హైస్కూలు దరఖాస్తులో కోరుకునే బడుల జాబితానూ అదే నిష్ఠతో నింపాడు. అమ్మాయి కలవరించిన ల్యాబున్న బడి రాలేదు, వద్దు మొర్రో అన్న బడి వచ్చింది.

"సీట్లిచ్చేవాళ్లకి కళ్లు లేవమ్మా!" అని కూతురి ముందు మండిపడ్డాడు మేస్త్రి.

భార్య దరఖాస్తు నకలు తీసి చూసింది. "లేనిది వాళ్లకా? వద్దన్నదాన్ని ఒకటో నంబర్లో ఎక్కించారేంటి మహానుభావా?"

"పోన్లే నాన్నా, ఇదైతే ఇంటికి దగ్గరేగా" అంది కూతురు. ఆ మాటతో ఆయనకు తల కొట్టేసినట్టయింది.

నకలు మీద, ఆయన సంతకానికి సరిగ్గా పైన, "ఎక్కువ ఇష్టమైన బడిని ముందు రాయాలి" అని అచ్చు వేసి ఉంది.