పులుసు గరిటె, లిల్లీ దుంపలు

మూత పెట్టిన వస్తువు కనిపిస్తే సత్తిబాబుకు చెయ్యి ఊరుకోదు. లోపల ఏం జరుగుతోందో తీసి చూడాలి. బర్మాలోని మింగళాడోన్‌లో ఒక గోదాముకు వచ్చే ప్రతి పెట్టె మూతా తీసి చూడటం ఇరవై ఆరేళ్లుగా ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని రోజూ సాయంత్రం బస్సెక్కించి ఇంటికి కూడా తెస్తాడన్నది ఆయన భార్య దేముడమ్మ బాధ.

ఆ ఇంట్లో ఇడ్లీ ఏనాడూ సరిగ్గా ఉడకలేదు. ఆవిరి పట్టిందో లేదో అని ఆయన మూడుసార్లు మూత తీస్తాడు. కూతురు పద్మినికి చిన్నప్పుడు చెయ్యి విరిగి కట్టు కట్టిస్తే, ఎముక అతుక్కుంటోందో లేదో చూద్దామని మూడో రోజే కత్తెర పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. దేముడమ్మ ఆ కత్తెరను బియ్యం డబ్బాలో దాచి పిల్ల చెయ్యి కాపాడుకుంది.

ఇవన్నీ ఆమె భరించింది. భరించలేనిది లిల్లీ దుంపల వ్యవహారం. ఏటా వానలు తగ్గి తడింజుట్ దీపాల పండగ వెళ్లగానే ఆయన చిమిండైంగ్ బజారుకు పోయి రెండు డజన్ల దుంపలు తెస్తాడు. సంచౌంగ్‌లో నాలుగో అంతస్తు వాళ్లది. బాల్కనీ నిండా నూనె డబ్బాలు, వాటి నిండా మట్టి. మొలక కొన పైకి వచ్చేలా, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పాతుతాడు. అంతవరకూ బాగానే ఉంటుంది. మూడో రోజు నుంచి దేముడమ్మ వాడే పులుసు గరిటె తీసుకుని, పాతినవన్నీ తవ్వి చూడటం మొదలుపెడతాడు.

“మట్టిలో అదేటి చేస్తందో మీకెందుకండీ?” అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

“ఏటీ చేయకపోతే మనకి తెలియాలి గదే,” అనేవాడు.

ఆమె గరిటెను దేవుడి పటం వెనక దాచింది. ఆయన స్కేలుతో తవ్వాడు. స్కేలు దాచింది. బూటు తొడుక్కునే రేకు బయటికొచ్చింది. ఎప్పుడైనా ఒక దుంపకు పచ్చగా మొలక కనిపిస్తే ఆమె సంబరపడేలోపే అది మాయమయ్యేది. ఏమైందని అడిగితే కుళ్లిపోయింది, పారేశానంటాడు. ఇలా తొమ్మిదేళ్లు. ఆ బాల్కనీలో ఒక్క లిల్లీ పూసిన పాపాన పోలేదు.

పుండు మీద కారంలా, అట్టడుగు అంతస్తులో బర్మా పెద్దావిడ డా ఆయే ఆయే గుమ్మం ముందు మాత్రం రెండు డబ్బాల నిండా ఏటా లిల్లీలే. ఆవిడకు డెబ్బై దాటాయి. సత్తిబాబు కనిపిస్తే చాలు, పిలిచి బర్మా భాషలో పాఠం చెప్పేది: కో సత్తిబాబూ, మొక్కను కదపకూడదు, రోజుకు మూడుసార్లు నిండా నీళ్లు పోసి వదిలెయ్యాలి, అంతే. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా వినేవాడు. పైకొచ్చి మళ్లీ తవ్వేవాడు.

“ఆవిడ కాళ్లకి మొక్కండి, బుద్ధొస్తాది,” అనేది దేముడమ్మ.

ఈ ఏడు దేముడమ్మే కొంప ముంచుకుంది. కోవెలలో ఆడవాళ్లంతా శ్రీరామనవమి కల్యాణానికి ఎవరేం తేవాలో పంచుకుంటుంటే, సూర్యావతి ఆమెను చూసి, మీ ఇంట్లో దుంపల సేద్యం ఎంతవరకు వచ్చిందని నవ్వింది. ఆ నవ్వుకు ఒళ్లు మండి, సీతకూ రాముడికీ దండలు మా ఇంటి లిల్లీలతోనే అని దేముడమ్మ మాటిచ్చేసింది. మాట జారాక గుండె జారింది. ఆ రోజు నుంచి గరిటెను నడుముకు కట్టుకునే తిరిగింది.

జనవరి పున్నమి రోజు. డా ఆయే ఆయే పొద్దున్నే బౌద్ధ విహారానికి వెళ్లింది. దేముడమ్మ స్నానానికి వెళ్తూ గరిటెను గట్టు మీద పెట్టి మరిచిపోయింది. వచ్చి చూస్తే గరిటె లేదు, మొగుడూ లేడు, నిన్న మొలకెత్తిన దుంపా లేదు. పట్టరాని కోపంతో నాలుగంతస్తులూ దిగింది. కింద డా ఆయే ఆయే డబ్బా ముందు సత్తిబాబు గొంతుక్కూర్చున్నాడు. ఎడం చేతిలో కుళ్లిన దుంప, కుడి చేతిలో వాళ్లింటి మొలక, ఒళ్లో పులుసు గరిటె.

“ఇదేటండీ?”

“నెమ్మదే. ఆవిడ నీళ్లు ఎక్కువ పోసీస్తాది. ఏ దుంపా ఆగదు. కుళ్లిపోయినప్పుడల్లా మారుస్తన్నాను.”

“నీళ్లు తగ్గించమని ఆవిడకే చెప్పొచ్చు గదా.”

“ఆవిడ పెనిమిటి ఊ టిన్ ఆంగ్ పోయినప్పుడు ఆవిడ మంచం దిగలేదు, గుర్తుందా? నువ్వే జావ పట్టుకెళ్లీదానివి. ఆయన పాతిన దుంప మొలిచినాదని నేను చెప్తే, నీళ్లు పొయ్యడానికి లేచినాది. అప్పట్నించి రోజుకి మూడుసార్లు లేస్తంది. నీళ్లు తగ్గించమంటే లేవడం కూడా తగ్గిపోద్ది గదే.”

“మరి రోజూ ఆ తవ్వడమేటి?”

“ఏది మొలిచినాదో తవ్వకపోతే ఎలా తెలుస్తాది?”

దేముడమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తొమ్మిదేళ్లు తనకెందుకు చెప్పలేదని అడగబోయింది. చెప్పి ఉంటే కోవెల్లో ఒక్క పూటలో పాకిపోయేదని ఆమెకే తోచి ఊరుకుంది. నవమికి మాటిచ్చానని మాత్రం నెమ్మదిగా గుర్తుచేసింది. ఆయన చేతిలో మొలకను ఒకసారి చూసుకున్నాడు. మంచి దుంపల్లో అదే ఆఖరిది. ఆమె వైపు చాపాడు.

“తొందరగా పాతండి, ఆవిడ వచ్చీస్తాది,” అంది దేముడమ్మ. ఆయన పాతేదాకా వీధి మలుపులో కాపలా కాసింది.

నవమి పొద్దున పట్టుచీర కట్టుకుని, బోడి బాల్కనీని చూస్తూ, సూర్యావతికి ఏం చెప్పాలో తోచక కూర్చుంది. బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడు గంట మోగింది. పాలపొట్లం అనుకుని తాడు లాగితే, చివరి క్లిప్పుకు రెండు చేతులా పట్టేన్ని లిల్లీ కాడలు వచ్చాయి. కింద నుంచి డా ఆయే ఆయే గొంతెత్తి, మీ పండక్కి అని చెప్పింది. కో సత్తిబాబుకు ఇకనైనా తవ్వొద్దని చెప్పమంది. దేముడమ్మ పైనుంచి రెండు చేతులూ జోడించి, ఆయనకు గట్టిగా చెప్తానని మాటిచ్చింది.

కోవెల్లో సూర్యావతి దండలను అటూ ఇటూ తిప్పి, నిజంగా మీవేనా అని అడిగింది.

“మా ఇంటి దుంపలే,” అంది దేముడమ్మ తడుముకోకుండా.

మళ్లీ తడింజుట్ పండగ వెళ్లింది. సత్తిబాబు దుంపల సంచీతో వచ్చి, బూటు రేకు కోసం వెతుక్కుంటున్నాడు. దేముడమ్మ వంటింట్లోంచి వచ్చి తోమిన పులుసు గరిటెను ఆయన చేతిలో పెట్టింది.

“దీంతోనే తవ్వుకోండి,” అంది. “పొయ్యి మీద ఇడ్లీలున్నాయి. ఆ మూత ముట్టుకున్నారో, చెయ్యి విరుగుద్ది.”