వెనక చక్రం మీద లెసియేలి

తన జీతంతో కొన్న కారులో లెసియేలి డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చోగా విమానాశ్రయం పక్కనున్న మాంగెరెలోని మా వీధిలో ఎవరూ చూడలేదు. ఆ సీటు ఆమె భర్త ఫిలిమోనే మేనత్తది. ఆవిడ పేరు ఫుసి. టోంగా దీవుల నుంచి ఇక్కడికి వలస వచ్చిన వాళ్ళ ఇళ్ళలో అన్నదమ్ముల పిల్లలకి మేనత్త మాటే శాసనం. పంది కోస్తే మంచి ముక్క ఆమెది, చాపలు పరిస్తే మెత్తని చాప ఆమెది, కారు ఉంటే ముందు సీటు ఆమెది. ఆవిడ కారులో లేని రోజు కూడా ఆ సీటు ఖాళీగా ఉండేది కాదు. చర్చికి వెళ్ళేటప్పుడు మర్యాద కోసం ఆవిడ బట్టల మీద నడుముకి చుట్టుకునే చాప, చేతిసంచి, కీర్తనల పుస్తకం అక్కడ దర్జాగా కూర్చుని ఉండేవి. లెసియేలి వాటిని పక్కకి జరిపేది కాదు. వెనక తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, మిగతా శరీరాన్ని మెల్లగా లోపలికి చేర్చుకునేది.

"వెనక గాలి బాగా వస్తుంది" అనేది, ఎవరైనా అడిగితే.

ఆ కారు వెనక అద్దాలు సగానికి మించి దిగవు.

విమానాల్లో పెట్టే భోజనం తయారయ్యే వంటశాలలో ఆమె ఏళ్ళ తరబడి ట్రేలు సర్దింది. చల్లటి గదిలో నిలబడి, ఎప్పటికీ తను ఎక్కని విమానాల కోసం. ఆ డబ్బుతో చిన్న జపాను కారు కొంది, పాతదే. కొన్నాక ఎంతో కాలం గడవకుండానే చక్కెర జబ్బు రెండు మూత్రపిండాలనీ తినేసింది, చూపుని కూడా కొంత మసకబార్చింది. డ్రైవింగు మానేసింది. ఇక వారానికి మూడు రోజులు డయాలిసిస్. విమానాశ్రయంలో సరుకులు ఎత్తే ఫిలిమోనే డ్యూటీ దిగి వచ్చి, నిద్రకళ్ళతోనే ఆమెని తీసుకెళ్ళేవాడు. దారిలో అత్తని ప్రార్థన బృందం దగ్గర దించేవాడు. ఇంట్లో ఆ కారు ఎవరికి హోదానో, ఎవరికి ప్రాణమో చెప్పనక్కర్లేదు.

గొడవ చర్చిలో మొదలైంది. కొత్త హాలు కట్టారు, ప్రారంభోత్సవం దగ్గర పడింది. ఆ ఆదివారం బృందంలోని ఇంకో పెద్దావిడ వాళ్ళ వ్యాను మెరిసే చక్రాలతో వచ్చి గేటు ముందు ఆగింది. ఫుసి అత్త ఇల్లు చేరగానే అందుకుంది.

"ఒరేయ్ ఫిలీ, వాళ్ళ బండి చక్రాలు చూశావా? అద్దాల్లా ఉన్నాయి. నేను మాత్రం కుట్టుమిషను చక్రాల మీద దిగాలా, పాస్టరు గారి ముందు?"

"అత్తా, మనది చిన్న బండి. దీనికి ఇవే వస్తాయి."

"చిన్న బండని ఊరంతా చాటడానికి నువ్వెందుకురా? చక్రాలే చాటుతున్నాయిగా."

అతను తల వంచుకున్నాడు. మేనత్తకి కాదని చెప్పడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ శనివారం ఆవిణ్ణి వెంటబెట్టుకుని టైర్ల కొట్టుకి వెళ్ళాడు. అక్కడ చక్రాలు బిగించే రావిరి అనే మనిషి, ఈ దేశపు మూలవాసి మావోరీ, కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, డ్రైవరు తలుపు తీసి, అంచున టైరు సైజు రాసి అంటించిన చీటీ చూశాడు.

"బ్రో, నీది పద్నాలుగు ఇంచీల బండి. పదిహేను పెట్టుకో, చాలా బాగుంటుంది. మరీ మనసు పడితే పదహారు. ఆ పైకి పోకు."

"పదిహేడు పట్టదా?"

"పట్టడం వేరు, తిరగడం వేరు. చక్రం పెద్దదైన కొద్దీ దాని మీద రబ్బరు పల్చబడాలి. నేల మీంచి పైదాకా మొత్తం ఎత్తు పాతదానంతే రావాలి. లేదంటే వెనక జనం ఎక్కగానే బండి కుంగి, టైరు పోయి మడ్‌గార్డుకి రాసుకుంటుంది."

ఫిలిమోనే పదిహేడు ఇంచీల చక్రాన్నే చూపించాడు. రావిరి నిట్టూర్చి, దానికి తగ్గ పల్చని టైరు తెచ్చి పక్కన నిలబెట్టాడు. అత్త దాన్ని చేతికర్రతో పొడిచింది.

"ఇదా? పస్తులున్న పంది డొక్కలా ఉంది. ఇంట్లో తిండికి లేదనుకుంటారు. ఆ లావుది తియ్యి నాయనా."

నవ్వకండి. టోంగా విందులో పదార్థాల మధ్య బల్ల కనిపించిందంటే ఆ ఇంటికి తలవంపులు. గిన్నె మీద గిన్నె పేర్చి బల్లని కప్పేస్తారు. ఎదటివాడికి పల్చగా పెట్టినవాణ్ణి పిసినారి అంటారు. ఆ కన్నే టైరు మీద కూడా పడింది. పెద్ద చక్రం కావాలి, దాని మీద లావు రబ్బరూ కావాలి. ఆ రెండూ కలిస్తే ఎత్తు ఎంతవుతుందో ఆలోచించడం వాళ్ళకి మర్యాద తక్కువ పనిలా తోచింది. కొట్టు యజమాని కౌంటరు దగ్గర్నుంచి గట్టిగా దగ్గాడు. అమ్మకం చెడగొట్టవద్దని దాని అర్థం. రావిరి బిగించాడు. బిగించి, చేతులు తుడుచుకుంటూ చివరి మాటగా చెప్పాడు.

"వెనక సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు బ్రో?"

"మా ఆవిడ."

"అయితే ఆవిణ్ణి ఎక్కించుకుని, ఆ మూల స్పీడు బ్రేకరు మీద ఒకసారి తిప్పి చూడు. చప్పుడొస్తే వెంటనే వెనక్కి రా. మార్చేస్తాను."

ఫిలిమోనే ముందు అత్తని కూర్చోబెట్టుకుని, వెనక ఎవరూ లేకుండా తిప్పి చూశాడు. చప్పుడు రాలేదు. పాత చక్రాలు అత్త మాట మీద, చుట్టాలకి సామాను నింపి ఓడలో టోంగా పంపే పెట్టెలో ఆవిడ తమ్ముడికి వెళ్ళిపోయాయి.

సోమవారం లెసియేలి ఎక్కింది. వీధి చివర స్పీడు బ్రేకరు దాటగానే ఆమె తొడ కింద, సీటు కింద, ఇనుము గీరినట్టు గర్రుమంది.

"ఫిలీ, ఏదో రాసుకుంటోంది. నా కిందే."

అత్త వెనక్కి తిరగనైనా లేదు. "చక్రాలు కొత్తవే అమ్మాయ్. బరువే పాతది."

ఫిలిమోనే నవ్వాడు. పెద్దవాళ్ళు హాస్యమాడితే నవ్వాలి, అందుకని నవ్వాడు. లెసియేలి కూడా నవ్వింది. ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ మాట ఆదివారానికల్లా చర్చి చేరింది. వంటింటి దగ్గర మగవాళ్ళు ఆమె దుంపల బుట్ట పట్టుకు వస్తుంటే అనేవారు: "లెసియేలి వస్తోంది, టైర్లు దాచుకోండర్రా." ఒకాయన తన ట్రక్కు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి బండిని ఓదార్చాడు. అందరూ పడీ పడీ నవ్వారు. లావు ఇక్కడ తిట్టు కాదు. మన వైపు నిండుగా ఉన్న మనిషిని చూసి 'లక్ష్మీకళ' అన్నట్టే వీళ్ళూ మురుస్తారు. కానీ ఆమెది తిండితో వచ్చిన లావు కాదు. ఒక డయాలిసిస్‌కీ ఇంకో డయాలిసిస్‌కీ మధ్య ఒంట్లో నిలిచిపోయే నీరు. ఆ నీటి బరువు మీద ఊరు ఊరంతా హాస్యమాడింది. ఆమె కాళ్ళు నొక్కితే గుంట పడి అలాగే ఉండేదని ఆ నవ్విన వాళ్ళందరికీ తెలుసు.

ఆమె ఎడమ పక్కకి జరిగి కూర్చుంది. ఎడమ టైరు గీరింది. మధ్యలో కూర్చుంది. రెండూ గీరాయి. తాగే నీళ్ళు అసలే డాక్టరు కొలిచి చెప్పిన లెక్క, ఆ గుక్కెడు కూడా సగం చేసుకుంది. రాత్రి భోజనం మానేసింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి, చప్పుడు మాత్రం తగ్గలేదు.

"ఒక మాట చెబుతాను విను" అంది అత్త, ఓ ఉదయం కారు ఎక్కుతూ. "కొత్త రబ్బరు సర్దుకునేదాకా నువ్వు బస్సులో వెళ్ళు. ప్రారంభోత్సవం నాటికి టైరు చిరిగితే నా పరువేం కాను?"

లెసియేలి మొగుడి వైపు చూసింది.

"కొన్నాళ్ళే కదా లెసీ" అన్నాడతను, స్టీరింగుని చూస్తూ.

"సరే. బస్సులోనూ గాలి బాగానే వస్తుంది."

మా బస్ స్టాపుకి పైకప్పు లేదు. మరమ్మతుకని పీకి తీసుకెళ్ళారు, మళ్ళీ తేలేదు. చలికాలం వానలో ఆమె అక్కడ గొడుగుతో నిలబడేది. వెళ్ళేటప్పుడు పర్లేదు. వచ్చేటప్పుడే కష్టం. డయాలిసిస్ అయ్యాక రక్తపోటు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు తనవి కాకుండా పోతాయి. అలాంటి మనిషిని ఎవరైనా చెయ్యి పట్టుకుని కారెక్కించాలి. ఆమె కారు ఆ సమయంలో ప్రార్థన బృందం బయట, కొత్త చక్రాల మీద మెరుస్తూ నిలబడి ఉండేది.

ఒక రోజు ఆమె దారిలో దిగి, టైర్ల కొట్టుకి వెళ్ళింది. ఆ సంగతి రావిరే తర్వాత నాకు చెప్పాడు.

"అన్నా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. చప్పుడు నా వల్లేనా?"

"ఏ చప్పుడమ్మా?"

ఆమె చెప్పింది. రావిరి చేతిలో పని పక్కన పెట్టాడట. ఆమెకి కుర్చీ వేసి, తన టీ ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగలేదు, చేతులు కాచుకుంది.

"అక్కా, ఆ వెనక సీటు ముగ్గురి కోసం చేసింది. కారు చేసినవాడు నిన్నూ లెక్కేసుకున్నాడు, నీ పక్కన ఇంకో ఇద్దర్నీ లెక్కేసుకున్నాడు. నువ్వు తగ్గక్కర్లేదు, టైరు తగ్గాలి."

"తింటే పెరుగుతుందని మానేశాను."

"తిను తల్లీ. ముందు వెళ్ళి తిను."

మూలన పాత కారు నుంచి ఊడదీసిన పద్నాలుగు ఇంచీల చక్రాలు నాలుగున్నాయి. నలుపు రంగు ఇనుపవి, మెరుపేమీ లేదు. రావిరి వాటి మీద సుద్దముక్కతో ఆమె పేరు రాశాడు. డబ్బు మాట తర్వాత చూసుకుందామన్నాడు, శనివారం కారు పంపమన్నాడు. ఆమె ఆ సుద్ద అక్షరాలని వేలితో తాకి చూసి, "నా పేరుతో ఒక వస్తువు" అని నవ్విందట.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. గోడ ఇవతల మా ఇంట్లోకి కూడా వినిపించింది.

"రావిరి దగ్గర పాత సైజు చక్రాలు ఉన్నాయి ఫిలీ. శనివారం తీసుకు రమ్మన్నాడు."

"ఇనుపవా?" అంది అత్త. "ఇనుప చక్రాల మీద హాలు ప్రారంభానికా?"

"అత్తా, నాకు బస్సు దిగాక కళ్ళు తిరుగుతున్నాయి."

"అందరికీ తిరుగుతాయమ్మా ఈ వయసులో. నాకు తిరగట్లేదా? ప్రారంభోత్సవం అయ్యాక మార్చుకోండి, ఎవరు కాదన్నారు?"

ఇద్దరూ ఫిలిమోనే నోరు తెరుస్తాడని చూశారు. అతను తెరిచాడు.

"ప్రారంభోత్సవం అయ్యాక మారుద్దాం లెసీ."

లెసియేలి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. శనివారం రావిరి కొట్టు మూసేదాకా గేటు వైపు చూశాడు. కారు రాలేదు.

తర్వాతి వారం బుధవారం, బస్సు దిగుతూ ఆమె కింద పడింది. తల కాలిబాట అంచుకి కొట్టుకుంది. బస్సు డ్రైవరు దిగి, తన కోటు తీసి ఆమె మీద కప్పాడు. ఫిలిమోనేకి కబురందే సరికి అతను కారుతో ప్రార్థన బృందం బయట ఉన్నాడు, ముందు అత్తని ఇంట్లో దించి రావాల్సి వచ్చింది. ఆస్పత్రిలో ఆమె కళ్ళు తెరవలేదు. మర్నాడు పోయింది.

అంత్యక్రియల రోజు చర్చిలో ఆమె గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఓర్పు గల మనిషి అన్నారు. ఏనాడూ ఎవర్నీ ఏమీ అడగలేదన్నారు. ట్రక్కుని ఓదార్చిన ఆయనే ముందు నిలబడి ఏడుస్తూ పాడాడు. ఓర్పు అన్న మాట నేను ఎన్ని సంతాప సభల్లో విన్నానో. బతికున్నప్పుడు పెట్టిన కష్టానికి చచ్చాక తొడిగే అందమైన చొక్కా అది.

అసలు విషయం ఆ ఉదయమే జరిగింది. చర్చికి వెళ్ళడానికి కారులో ముందు అత్త కూర్చుంది. వెనక లెసియేలి అక్క, ఆమె కూతుళ్ళిద్దరూ. అంతకు ముందు రోజే టోంగా నుంచి వచ్చారు. ముగ్గురూ కొబ్బరి ఈనెల్లాంటి మనుషులు. ముగ్గుర్నీ కలిపి తూచినా ఎవరూ హాస్యమాడలేరు. చర్చి గేటు దగ్గర స్పీడు బ్రేకరు మీద కారు ఎక్కి దిగింది.

గర్రుమంది.

గేటు దగ్గర నిలబడ్డ మా అందరికీ వినిపించింది. టైర్లు దాచుకోమన్న వాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఫిలిమోనే కారు ఆపేశాడు. స్టీరింగు పట్టుకున్న చేతులు వదల్లేదు, ముందుకీ పోలేదు. వెనక పిల్ల ఏమీ తెలియక అడిగింది: "బాబాయ్, ఏదో రాసుకుంటోంది. చక్రం చూసుకోవా?"

జవాబు అత్త చెప్పింది.

"రేపు మార్పించెయ్ రా ఫిలీ. ఈ కుదుపుకి నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

మార్పించాడు, ఆ మర్నాడే. రావిరి ఆ ఇనుప చక్రాలే బిగించాడు. సుద్ద అక్షరాలు తుడవలేదు. మొదటి వానకి అవే పోయాయి. ఇప్పుడు ఆ కారు ఏ గతుకులో దిగినా చప్పుడు రాదు. హాలు ప్రారంభోత్సవానికి అత్త అందులోనే వెళ్ళింది, ముందు సీట్లో.

చదువుతున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. చిన్న కారుకి కొత్త చక్రాలు వేయించాలనుకుంటే ముందు డ్రైవరు తలుపు తీసి ఆ అంచున చీటీ చూడండి. చక్రం పెంచితే రబ్బరు తగ్గించండి, మొత్తం ఎత్తు మారనివ్వకండి. పాత టైరు మోయగలిగినంత బరువు కొత్తదీ మోయగలదో లేదో అడగండి. ఆ తర్వాత, కొట్టు దాటకముందే, రోజూ వెనక కూర్చునే మనిషిని ఎక్కించుకుని గతుకు మీద తిప్పండి. ఆ మనిషి మీ ఆవిడ కావచ్చు, అమ్మ కావచ్చు, ఇంట్లో పనిచేసే అమ్మాయి కావచ్చు. వెనక నుంచి "ఏదో రాసుకుంటోంది" అని వినిపిస్తే నవ్వకండి. బండి ఆపి, దిగి, చక్రం చూడండి. ఆ మాట ఇదివరకే మీ కారులో ఎవరైనా అని ఉంటే, ఇవాళే చూడండి.